రాత్రి చేతుల్లోని కవలలు

రాతిపలక మీద బొమ్మ వెనుకభాగం పలకకే అంటిపెట్టుకుని ఉండగా, ముందుభాగం మాత్రం పైకి ఉబికి కనిపించేలా చెక్కిన పనిని ఉబ్బెత్తు శిల్పం అంటారు. చుట్టూ తిరిగి చూడగల విగ్రహానికీ, సమతలం మీద రంగులతో వేసిన చిత్రానికీ నడుమ నిలిచే ఈ రూపం తెలుగువారికి కొత్తది కాదు. అమరావతి మహాచైత్యపు ప్రాకార స్తంభాల మీదా, నాగార్జునకొండ ఫలకాల మీదా క్రీస్తుశకపు తొలి శతాబ్దాల శిల్పులు బుద్ధుని కథలు చెప్పింది ఈ పద్ధతిలోనే. 18వ శతాబ్దం చివరా, 19వ శతాబ్దం తొలిపాదంలోనూ ఐరోపా శిల్పులు ఇదే పద్ధతిని వేరొక ప్రయోజనానికి వాడుకున్నారు. రాత్రి, పగలు, నిద్ర, మరణం, స్నేహం, న్యాయం వంటి ఆకారం లేని భావాలకు మనిషి రూపమిచ్చి, తెల్లని పాలరాతి మీద లోతు తక్కువ ఉబ్బెత్తులో వారు చెక్కిన ఫలకాలు నియోక్లాసికల్ శైలి సాధించిన వాటిలో అతి సున్నితమైనవి. వాటిలో ఒక జంట, డెన్మార్క్ శిల్పి బెర్టెల్ థోర్వాల్డ్‌సన్ 1815లో రోమ్ నగరంలో రూపొందించిన ‘రాత్రి’, ‘పగలు’ అనే రెండు గుండ్రని ఫలకాలు, ఈ ప్రసంగానికి విషయం.

భావానికి మనిషి రూపమిచ్చి ఆ రూపం చేసే పనుల ద్వారా భావాన్ని తెలియజేయడాన్ని అలంకార శాస్త్ర పరిభాషను అనుసరించి అన్యాపదేశం అనవచ్చు. కృష్ణమిశ్రుడు 11వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ప్రబోధచంద్రోదయ నాటకంలో వివేకం ఒక రాజు, మహామోహం అతని శత్రువు. ఆ నాటకాన్ని 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు తెలుగు ప్రబంధంగా మలచినప్పుడు శాంతి, శ్రద్ధ, కరుణ వంటి గుణాలు స్త్రీపాత్రలై తెలుగు పద్యాల్లో మాట్లాడాయి. కావ్యంలో ఇటువంటి పాత్ర తన పేరు తానే చెప్పుకోగలదు, తన స్వభావాన్ని నాలుగు పద్యాల్లో వివరించుకోనూగలదు. శిల్పంలోని మూర్తికి నోరు లేదు. కనుక ఐరోపా శిల్పులు, చిత్రకారులు చాలాకాలం చేతిలో పట్టించే వస్తువుల మీద ఆధారపడ్డారు. న్యాయానికి త్రాసు, కాలానికి కొడవలి, ఆశకు లంగరు అని గుర్తులు నిర్ణయించి, చేసేరే రిపా అనే ఇటలీ పండితుడు 1593లో ఒక పెద్ద నిఘంటువునే ప్రచురించాడు. 1603 నాటి కూర్పులో దానికి బొమ్మలు కూడా చేరాయి. ఆ పుస్తకం రెండు శతాబ్దాల పాటు కళాకారుల బల్లల మీద ఉండిపోయింది. దానివల్ల మేలు జరిగినట్టే కీడూ జరిగింది. గుర్తుల జాబితా చేతిలో ఉంటే శిల్పి మూర్తి భంగిమ గురించి, ముఖం గురించి ఆలోచించనక్కరలేదన్న భ్రమ కలుగుతుంది. వస్తువును గుర్తుపట్టిన చూపరి కూడా ఇక చూడవలసింది ఏమీ లేదనుకుని ముందుకు సాగిపోతాడు.

ఈ స్థితి మీద తిరుగుబాటుగా వచ్చినది నియోక్లాసికల్ శైలి. ప్రాచీన గ్రీకు, రోమన్ కళను ఆదర్శంగా పెట్టుకుని, దాని నిగ్రహాన్నీ, స్పష్టమైన రేఖనూ తిరిగి సాధించాలని 18వ శతాబ్దపు మధ్యభాగంలో మొదలైన ఈ ఉద్యమానికి ఒకవైపు 1738లో హెర్క్యులేనియంలోనూ, 1748లో పాంపేలోనూ ఆరంభమైన తవ్వకాలు ఊపిరినిచ్చాయి. మరొకవైపు జర్మనీకి చెందిన కళాచరిత్రకారుడు యోహాన్ యోఆకిమ్ వింకెల్‌మాన్ రచనలు సిద్ధాంతాన్ని అందించాయి. గ్రీకు శిల్పంలోని గొప్పతనం ఉద్రేకంలో కాక ప్రశాంతతలో ఉందని 1755లో ప్రకటించిన ఆ పండితుడు 1766లో అన్యాపదేశం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. అంతకుముందు వందేళ్ళ బరోక్ శిల్పంలో దుస్తులు తుపానులో చిక్కినట్టు ఎగసిపడేవి. ఉబ్బెత్తు శిల్పం చిత్రంతో పోటీపడి, ముందు బొమ్మలను దాదాపు పూర్తి విగ్రహాలుగా బయటికి లాగి, వెనుక మేఘాలనూ భవనాలనూ దూరం పోతున్నట్టు పలుచగా చెక్కేది. కొత్త శైలివారు ఆ దృశ్యభ్రమను పక్కన పెట్టారు. పలక పలకలాగే కనిపించాలని, బొమ్మలన్నీ ఒకే తలంలో నిలవాలని, వాటి వెనుక ఏమీ చెక్కని ఖాళీ నేల ఉండాలని, అర్థమంతా శరీరపు అంచురేఖలోనే పలకాలని వారు నియమం పెట్టుకున్నారు. నియమం కఠినమైనది, దాన్ని పాటించినవారిలో చాలామంది పొడిబారిన పని చేశారన్నది కూడా నిజం.

థోర్వాల్డ్‌సన్ 1770లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. ఓడల ముందుభాగాన నిలిపే కొయ్యబొమ్మలు చెక్కి బతికిన ఐస్‌లాండ్ వడ్రంగి అతని తండ్రి. పదకొండో ఏట అక్కడి కళా అకాడమీలో చేరి, 1793లో పెద్ద బంగారు పతకమూ దానితోపాటు విదేశీ యాత్రకు వేతనమూ సంపాదించి, 1797 మార్చి 8న రోమ్ చేరిన ఈ యువకుడు ఆ తేదీనే తన రోమన్ పుట్టినరోజుగా జీవితాంతం చెప్పుకున్నాడు. 1803లో బంగారు ఉన్నితో నిలిచిన జేసన్ విగ్రహపు నమూనా అతనికి పేరు తెచ్చింది. దాన్ని పాలరాతిలో చెక్కమని థామస్ హోప్ అనే ఆంగ్ల సంపన్నుడు ఇచ్చిన ఆర్డరు పాతికేళ్ళకు గానీ తీరకపోవడం, అంటే 1828లో గానీ విగ్రహం చేతికి అందకపోవడం, ఆ శిల్పి మీద పడిన పనిభారానికి కొలత. అయితే రోమ్‌లోని తోటి కళాకారులు అతన్ని విగ్రహాల కన్నా ఉబ్బెత్తు శిల్పాలకే ఎక్కువ మెచ్చుకుని, ఆ విద్యకు కులపెద్ద అన్న బిరుదు ఇచ్చారు. నెపోలియన్ రాక కోసం రోమ్‌లోని క్విరినాలే భవనాన్ని అలంకరించే సందర్భంలో, అలెగ్జాండర్ బాబిలోన్ ప్రవేశాన్ని చూపే 30 మీటర్లకు పైబడిన ఉబ్బెత్తు పట్టికను అతను 1812లో మూడు నెలల్లో పూర్తి చేశాడు. నెపోలియన్ రోమ్‌కు రానేలేదు. అంతకుముందే, కోపెన్‌హాగన్‌లోని క్రిస్టియన్స్‌బోర్ రాజభవనపు ముఖభాగం కోసం బలం, ఆరోగ్యం, జ్ఞానం, న్యాయం అనే నాలుగు భావాలను నాలుగు గుండ్రని ఫలకాలుగా అతను కూర్చాడు. కానీ వాటిలో ప్రతి భావాన్నీ హెర్క్యులీస్, మినర్వా వంటి ఇద్దరేసి దేవతల కథ మోస్తుంది. కథ సాయం లేకుండా ఒక్క భావమే ఒక్క మూర్తిగా నిలిచిన సందర్భం ‘రాత్రి’ ఫలకం.

ఆ ఫలకం వ్యాసం దాదాపు 80 సెంటీమీటర్లు. అందులో రెక్కలున్న ఒక స్త్రీ గాలిలో తేలుతూ మెల్లగా కిందికి దిగుతున్నది. తల వంగి ఉంది, కళ్ళు మూసుకున్నాయి, జుట్టులో నిద్రకు గుర్తైన గసగసాల పూలూ కాయలూ దండగా చుట్టి ఉన్నాయి. ఆమె తన చేతుల్లో ఇద్దరు పసిపిల్లలను పొదివి పట్టుకుంది. ఇద్దరూ ఆమె భుజాలకు ఆనుకుని గాఢంగా నిద్రపోతున్నారు. దుస్తుల మడతలు దేహానికి వెనుకగా పొడవాటి వంపులుగా సాగుతాయి, పాదాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఆమెకు వెనుకగా రెక్కలు విప్పిన గుడ్లగూబ ఒకటి ఎగురుతున్నది. ఇంతకు మించి ఫలకంలో ఏమీ లేదు: చంద్రుడు లేడు, నక్షత్రాలు లేవు, మేఘం లేదు, భూమి లేదు. గుడ్లగూబనూ పూలదండనూ వేలితో కప్పి చూసినా ఈ మూర్తి రాత్రి అని తెలిసిపోతుంది; ఎందుకంటే వంగిన తల, వాలిన రెక్కలు, దిగుతున్న దేహం, బరువుగా ఒరిగిన పిల్లలు, ఇవన్నీ ఒకే దిశగా, కిందికి, ఒకే వేగంతో పోతున్నాయి. రిపా నిఘంటువు ఇవ్వలేనిది ఇదే.

జతగా చేసిన ‘పగలు’ ఫలకంలో మరొక రెక్కల స్త్రీ గులాబీలు వెదజల్లుతూ ముందుకు ఎగిరిపోతున్నది. ఆమె భుజం దగ్గర ఒక బాలుడు మండుతున్న కాగడా ఎత్తి పట్టుకున్నాడు. అతడు వెలుగుకు అధిదేవత. రెండు ఫలకాలనూ పక్కపక్కన చూసినప్పుడు ఒకదాని మందగతీ మరొకదాని చురుకుదనమూ పరస్పరం దీప్తిని పెంచుతాయన్నది వాస్తవం. అయినా పగలును రాత్రితో సమానంగా ఎంచడం కష్టం. గులాబీలూ, కాగడా, ఎగిరే వస్త్రమూ ఉషోదేవికి కవులు ఏనాడో కట్టబెట్టిన సామగ్రి. వాటిని తీసివేస్తే ఆ స్త్రీ ఎవరో చెప్పడం సులువు కాదు. అందం తక్కువేమీ కాదు గానీ ఆ అందంలో కొత్త ఆలోచన లేదు.

రాత్రి చేతుల్లోని పిల్లలెవరన్న ప్రశ్న దగ్గర ఈ శిల్పం తన లోతును చూపిస్తుంది. వారు నిద్ర, మరణం. గ్రీకు కవి హెసియడ్ దేవతల పుట్టుపూర్వాలు చెప్పిన కావ్యంలో ఈ ఇద్దరూ రాత్రికి పుట్టిన సంతానం. హోమర్ ఇలియడ్‌లో వీరు కవలలు, యుద్ధంలో పడిపోయిన సార్పెడాన్ దేహాన్ని అతని స్వదేశమైన లిసియాకు మోసుకుపోయేవారు వీరే. శిల్పరూపంలో వీరి ప్రస్తావన పౌసానియస్ అనే యాత్రికుని రచనలో దొరుకుతుంది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో గ్రీసు దేశమంతా తిరిగి చూసినవన్నీ రాసిపెట్టిన అతను ఒలింపియాలోని హేరా దేవి ఆలయంలో ఒక పురాతనమైన పెట్టెను చూశాడు. కోరింత్ పాలకుడు కిప్సెలస్ పేరుతో ప్రసిద్ధమైన ఆ దేవదారు పెట్టె మీద కొన్ని బొమ్మలు దంతంతో, కొన్ని బంగారంతో, కొన్ని ఆ కొయ్యలోనే చెక్కి ఉండేవి. వాటిలో ఒక స్త్రీ కుడిచేతిలో నిద్రిస్తున్న తెల్లని బిడ్డనూ, ఎడమచేతిలో నిద్రిస్తున్నట్టే కనిపించే నల్లని బిడ్డనూ ఎత్తుకుని ఉందని, బొమ్మ మీది రాత ప్రకారం వారు నిద్ర, మరణమని, ఆమె వారిని పెంచుతున్న రాత్రి అని అతను వర్ణించాడు. ఆ పెట్టె ఏనాడో నశించింది. కొద్ది మాటల ఆ వర్ణన మాత్రం 16 శతాబ్దాలు దాటి 18వ శతాబ్దపు జర్మనీలో పెద్ద చర్చకు బీజమైంది.

ఆ చర్చకు నాయకుడు గాట్‌హోల్డ్ ఎఫ్రైమ్ లెస్సింగ్. ప్రాచీనులు మరణాన్ని ఏ రూపంలో చూపారన్న ప్రశ్నకు జవాబుగా 1769లో అతను రాసిన గ్రంథం, ఐరోపా సమాధుల రూపాన్నే మార్చివేసిందంటే అతిశయోక్తి కాదు. మధ్యయుగాల నుంచి క్రైస్తవ ఐరోపాలో మరణమంటే అస్థిపంజరం, దాని చేతిలో కొడవలి లేదా ఇసుక గడియారం. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ మహాలయంలో బెర్నీనీ 1678లో పూర్తిచేసిన ఏడవ అలెగ్జాండర్ పోపు సమాధిలో, రాతి తెరను పైకెత్తుకుని ఇసుక గడియారం ఝళిపిస్తూ బయటికి వచ్చే అస్థిపంజరం ఆ సంప్రదాయానికి పరాకాష్ఠ. ప్రాచీన గ్రీకులు, రోమన్లు మరణాన్ని ఇలా ఎన్నడూ చూపలేదని, వారికి మరణం నిద్రకు కవల సోదరుడని, ఆరిపోయేలా తలకిందులుగా వంచిన కాగడా మీద ఆనుకున్న రెక్కల యువకుడని లెస్సింగ్ వాదించాడు. పౌసానియస్ చెప్పిన పసిబిడ్డల పాదాల గురించి కూడా అతను వాదానికి దిగి, అవి వంకరపోయిన పాదాలు కావని, విశ్రాంతిగా ఒకదాని మీద ఒకటి వేసుకున్న పాదాలని తేల్చాడు. అతని వాదంలో ప్రతి అంశమూ తరువాతి పరిశోధనకు నిలవలేదు. కానీ శిల్పులకు అది తలుపు తెరిచింది. అదే సెయింట్ పీటర్స్‌లో ఆంటోనియో కనోవా 1792లో పూర్తిచేసిన పదమూడవ క్లెమెంట్ పోపు సమాధి పక్కన కూర్చున్నది అస్థిపంజరం కాదు, కాగడాను కిందికి వంచి విషాదంలో మునిగిన అందమైన రెక్కల యువకుడు. ఒకే కప్పు కింద, 114 ఏళ్ళ తేడాతో, మరణానికి రెండు ముఖాలు.

ఈ ఆలోచనలు థోర్వాల్డ్‌సన్ వద్దకు రావడానికి దారులు స్పష్టంగానే కనిపిస్తాయి. పెద్ద చదువు లేని ఆ శిల్పికి రోమ్‌లో మార్గదర్శి అయినవాడు డెన్మార్క్‌కే చెందిన పురాతత్వ పండితుడు గేయార్గ్ జోయెగా. రోమ్‌లోని ప్రాచీన ఉబ్బెత్తు శిల్పాల మీద 1808లో గొప్ప గ్రంథం ప్రచురించిన జోయెగా మరుసటి ఏడే మరణించాడు. రెండో దారి చిత్రకారుడు ఆస్ముస్ యాకోబ్ కార్‌స్టెన్స్. 1798లో రోమ్‌లో అకాలంగా మరణించిన కార్‌స్టెన్స్ చిత్రాలను థోర్వాల్డ్‌సన్ ఎంతో అభిమానించి, కొన్నింటిని తానే నకలు చేసుకున్నాడు. 1795లో కార్‌స్టెన్స్ గీసిన ఒక చిత్రం పేరే రాత్రి, ఆమె పిల్లలు. అందులో రాత్రి కూర్చుని తన వస్త్రాన్ని పిల్లలిద్దరి మీదా కప్పుతుంది. చుట్టూ ప్రతీకార దేవత నెమెసిస్, మనుషుల ఆయుస్సు దారం వడికే విధిదేవతలు గుంపుగా చేరి ఉంటారు. ఆ గుంపు చిత్రానికి గాంభీర్యాన్నీ, కొంత భయాన్నీ ఇస్తుంది. ఇరవై ఏళ్ళ తరువాత థోర్వాల్డ్‌సన్ చేసిన పని నెమెసిస్‌ను తీసివేయడం, విధిదేవతలను తీసివేయడం, కూర్చున్న తల్లిని లేపి గాలిలోకి వదలడం. శిక్షించేవారు, ఆయుస్సు కొలిచేవారు పోయాక మిగిలినది తల్లీ పిల్లలే.

అంతకన్నా పెద్ద మార్పు పాలరాయి వల్ల వచ్చింది. కిప్సెలస్ పెట్టె మీద నిద్ర తెల్లని బిడ్డ, మరణం నల్లని బిడ్డ; చూసిన మరుక్షణం ఎవరు ఎవరో తెలిసేది. తెల్లని రాతిలో ఆ తేడాకు తావు లేదు. శిల్పి కావాలనుకుంటే ఒక బిడ్డ చేతికి వంచిన కాగడా ఇచ్చి మరణాన్ని గుర్తించేలా చేయగలిగేవాడు. అటువంటి గుర్తు అతనికి తెలియనిది కాదు. అతను ఇవ్వలేదు. ఇద్దరు బిడ్డలూ ఒకే రాయి, ఒకే రంగు, ఒకే నిద్ర. వీరిలో ఎవరు ఉదయం లేస్తారో, ఎవరు లేవరో ఫలకం చెప్పదు, ఎత్తుకున్న తల్లికి కూడా ఆ తేడా పట్టినట్టు కనిపించదు. పిల్లవాడిని నిద్రపుచ్చే ప్రతి ఇంట్లోనూ చేతులకు తెలిసిన బరువునే మరణానికి కూడా ఇచ్చిన ఈ ఊహ, లెస్సింగ్ ఒక గ్రంథమంతా వాదించిన దాన్ని వాదన లేకుండా నెగ్గించింది. రంగు లేకపోవడమన్న రాతి పరిమితిని అర్థంగా మార్చుకోవడంలో ఈ శిల్పానికి సాటి రాగలది నియోక్లాసికల్ యుగంలో మరొకటి లేదనే చెప్పాలి.

గుండ్రని చట్రం గురించి కొంత చెప్పవలసి ఉంది. వృత్తంలో బొమ్మను కూర్చడం కష్టమైన పని, ఎందుకంటే నిలబడటానికి దానికి నేల ఉండదు, పక్కలకు గోడలు ఉండవు. అమరావతి శిల్పులు ఈ కష్టాన్ని నిండుతనంతో జయించారు. ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు ఫలకంలో, పల్నాటి సున్నపురాతి వృత్తం నిండా మేడలూ, కిటికీల నుంచి తొంగిచూసే స్త్రీలూ, పరుగెత్తే జనమూ కిక్కిరిసి, మదించిన ఏనుగు ఒకేసారి రెండుచోట్ల, ముందు విధ్వంసం చేస్తూనూ తరువాత బుద్ధుని పాదాల వద్ద మోకరిల్లుతూనూ కనిపిస్తుంది. అక్కడ వృత్తం కాలాన్ని తిప్పే చక్రం. కల్నల్ కాలిన్ మెకంజీ అమరావతి శిథిలాలను తొలిసారి చూసినది 1797లోనే, అంటే థోర్వాల్డ్‌సన్ రోమ్ చేరిన ఏడే. కానీ ఐరోపా శిల్పులకు అప్పటికి ఈ శిల్పాల సంగతి తెలిసే అవకాశం లేదు. తెలిసి ఉంటే ఉబ్బెత్తు శిల్పంలో జనసమ్మర్దమూ శాంతమూ కలిసి ఉండగలవని వారు గ్రహించి ఉండేవారేమో. థోర్వాల్డ్‌సన్ ఎంచుకున్నది దీనికి వ్యతిరేకమైన మార్గం. అతని వృత్తంలో సగానికి పైగా ఖాళీ. నేల లేకపోవడాన్నే అతను ఆకాశంగా వాడుకున్నాడు. తల్లి వీపు, రెక్క, వస్త్రపు చివర కలిసి అంచు వంపుకు సమాంతరంగా నడిచి, చూపును తిరిగి తిరిగి పిల్లల ముఖాల దగ్గరికే తెస్తాయి.

ఇటువంటి ఫలకం తయారయ్యే తీరు తెలిస్తే దాని గుణదోషాలు ఇంకా బాగా అర్థమవుతాయి. శిల్పి మొదట పలక మీద తడిమట్టితో బొమ్మను దిద్దేవాడు. మట్టి ఆరితే పగుళ్ళిచ్చి కుంగిపోతుంది కనుక, తడి ఆరకముందే దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవారు. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి తీసిన ప్రతే మూలనమూనా. శిల్పి చేయి స్వయంగా తాకిన మట్టి ఈ క్రమంలో నశిస్తుంది, దాని ప్రతి గుర్తునూ ప్లాస్టర్ దాచిపెట్టుకుంటుంది. తరువాత నమూనా మీద కీలకమైన చోట్ల చిన్న చిన్న గుర్తులు పెట్టి, కొలత పరికరంతో వాటి లోతులను పాలరాతి దిమ్మెలోకి బదిలీ చేసి, సహాయకులు ముందు మొనఉలితో, తరువాత పళ్ళున్న ఉలితో అదనపు రాతిని తొలగించేవారు. మడతల లోపలి భాగాలకు బర్మాతో రంధ్రాలు వేసేవారు. చివరకు ఆకురాయితో, నురుగురాతితో ఉపరితలాన్ని నునుపు చేసేవారు. ఈ పనికి ఎక్కువగా వాడినది ఇటలీలోని కరారా గనుల పాలరాయి. భూగర్భపు వేడికీ ఒత్తిడికీ సున్నపురాయి స్ఫటికాలుగా మారి ఏర్పడిన ఈ రాతిలోకి వెలుగు కొద్దిగా చొరబడి తిరిగి వస్తుంది కాబట్టి చెక్కిన చర్మం సజీవంగా తోస్తుంది. థోర్వాల్డ్‌సన్ శిల్పశాలలో ఒక దశలో పదుల సంఖ్యలో సహాయకులు పనిచేశారు. అంతిమ స్పర్శ విషయంలో కనోవా చూపినంత పట్టుదల అతను చూపలేదని, నమూనా పూర్తయితే తన పని పూర్తయినట్టే భావించేవాడని అతని శిల్పాలే సాక్ష్యమిస్తాయి. ‘రాత్రి’ నమూనాను ఒక్క రోజులోనే మలిచాడన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అది అక్షరాలా నిజమైనా కాకున్నా, ఆ ఫలకంలో సవరించి సవరించి కట్టిన జాడ ఏదీ కనిపించదు.

మట్టి నుంచి ప్లాస్టర్, ప్లాస్టర్ నుంచి రాయి అన్న ఈ విధానం వల్ల ఒకే నమూనా నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. ‘రాత్రి’, ‘పగలు’ పాలరాతి ప్రతులు కొద్ది ఏళ్ళలోనే ఐరోపా ప్రభువుల ఇళ్ళకు చేరాయి. ఇంగ్లండులో డెవన్‌షైర్ ఆరవ డ్యూక్ తన చాట్స్‌వర్త్ భవనపు శిల్పశాల కోసం ఒక జతను సంపాదించాడు. ఆ పైన ప్లాస్టర్ ప్రతులు మధ్యతరగతి గోడల మీదికీ, చిన్న ముద్రలు ఉంగరాలలోకీ, బ్రోచీలలోకీ దిగివచ్చాయి. 1853లో కోపెన్‌హాగన్‌లో మొదలైన బింగ్ అండ్ గ్రోండాల్ పింగాణీ సంస్థ, మెరుగు పూత లేని బిస్క్ అనే తెల్ల పింగాణీలో థోర్వాల్డ్‌సన్ శిల్పాలను విరివిగా తయారుచేసింది. 19వ శతాబ్దపు సమాధిరాళ్ళ మీద రాత్రి ఫలకం ఎన్నిసార్లు కనిపిస్తుందో లెక్క చెప్పడం కష్టం. ప్రజాదరణ దానంతటది తప్పు కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ బొమ్మను ఎంచుకోవడంలో శిల్పి ఉద్దేశం నెరవేరినట్టే. కానీ అచ్చు మీద అచ్చు తీసిన కొద్దీ అంచులు మొద్దుబారి, పిల్లల బరువు పోయి, తల్లి ముఖం మిఠాయి బొమ్మలా తీపిగా మారింది. తరువాతి తరాల విమర్శకులు నియోక్లాసికల్ అన్యాపదేశం నిర్జీవమని తీసిపారేసినప్పుడు వారి కళ్ళ ముందున్నది చాలాసార్లు ఈ అరిగిన ప్రతులే.

తెల్లదనం మీద వచ్చిన విమర్శకు మాత్రం బలముంది. ప్రాచీన గ్రీకు శిల్పమంటే స్వచ్ఛమైన తెల్లరాయి అని వింకెల్‌మాన్ తరం నమ్మింది. గ్రీకులు తమ శిల్పాలకు రంగులు వేసేవారని, దంతం, బంగారం కలిపి మహావిగ్రహాలు చేసేవారని ఫ్రెంచి పండితుడు కాత్రమేర్ ద క్వాన్సీ తన బృహద్గ్రంథంలో నిరూపించడానికి పూనుకున్నది దాదాపు రాత్రి ఫలకం రూపొందిన రోజుల్లోనే. మట్టిలో వందల ఏళ్ళు పడి ఉండి రంగు కోల్పోయిన శిల్పాలను చూసి, ఆ కోల్పోవడాన్నే ఆదర్శంగా భావించిన శైలి ఇది. ఆ పొరపాటును చరిత్రకారులు గుర్తించవలసిందే. అయినా ఆ పొరపాటు లేకపోతే నిద్రనూ మరణాన్నీ ఒకే రంగులో చూపే ఊహ పుట్టేది కాదన్నది కూడా అంతే గుర్తుంచుకోదగినది.

ఈ శైలి సమాధి ఫలకాలు భారతదేశానికీ వచ్చాయి. రోమ్‌లోని సాంతి అపోస్తోలి చర్చిలో కనోవా 1807లో తన మిత్రుడు జొవాన్ని వోల్పాతో స్మారకంగా చెక్కిన ఫలకంలో, మిత్రుని అర్ధవిగ్రహం ముందు కూర్చుని స్నేహమే ఒక స్త్రీగా కన్నీరు పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, తీరాంధ్ర జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాజధానిలో, సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి లండన్ శిల్పుల పాలరాతి స్మారకాలు ఓడల మీద చేరుతున్నాయి. 1798లో తంజావూరులో మరణించిన మత ప్రచారకుడు ష్వార్ట్జ్ స్మృతికి ఈస్టిండియా కంపెనీ అక్కడ పెట్టించిన జాన్ బేకన్ జూనియర్ ఫలకంలో, మరణశయ్య మీద ఉన్న వృద్ధునికి పైన సిలువ పట్టుకున్న దేవదూత దర్శనమిస్తుంది. అదే వ్యక్తికి తంజావూరులో శరభోజి మహారాజు జాన్ ఫ్లాక్స్‌మన్ చేత చెక్కించిన ఫలకంలో దేవదూతలు లేరు. మంచం పక్కన నిలబడి ఆయన చేయి పట్టుకున్నది స్వయంగా శరభోజి. రెండింటిలో ఫ్లాక్స్‌మన్ పనే మనసును గట్టిగా పట్టుకుంటుంది. భావానికి దేవదూత రూపమిచ్చినంత మాత్రాన ఫలకం బలపడదని, చేతిని చేయి తాకడం చాలునని ఫ్లాక్స్‌మన్‌కు తెలుసు. రోమ్‌లో ఏడేళ్ళు గడిపి, హోమర్ కావ్యాలకు నీడలు లేని రేఖాచిత్రాలు గీసి ఐరోపా అంతటా పేరు తెచ్చుకున్న శిల్పి అతను.

థోర్వాల్డ్‌సన్ 1838లో డెన్మార్క్ ప్రభుత్వం పంపిన రోటా అనే యుద్ధనౌకలో తన శిల్పాలతో స్వదేశం చేరినప్పుడు కోపెన్‌హాగన్ ప్రజలు రేవు నిండా గుమిగూడి స్వాగతం పలికారు. 1844 మార్చి 24న రాజనాటకశాలలో ప్రదర్శనకు వచ్చి కూర్చున్నచోటే ఆయన ప్రాణం విడిచాడు. వాస్తుశిల్పి మైకేల్ గాట్లీబ్ బిండెస్‌బోల్ నిర్మించిన ఆయన మ్యూజియం 1848 సెప్టెంబరులో తెరుచుకుంది. ఆయన సమాధి ఆ భవనపు లోపలి ఆవరణలోనే ఉంది. బిండెస్‌బోల్ చేసిన ఏర్పాటు ఉబ్బెత్తు శిల్పం స్వభావాన్ని ఎరిగిన వ్యక్తి చేసినది. లోతు తక్కువైన ఉబ్బెత్తుకు ఎదురుగా వెలుగు పడితే బొమ్మ పలకలో కలిసిపోతుంది. పక్కవాటుగా, పైనుంచి ఏటవాలుగా పడితేనే మడతల కింద నీడలు చేరి రేఖ మేల్కొంటుంది. అందుకే ఆ చిన్న గదుల కిటికీలను అతను ఎత్తున పెట్టాడు, గోడలకు ముదురు రంగులు వేయించి తెల్లరాతి అంచు స్పష్టంగా తేలేలా చేశాడు. ‘రాత్రి’ ప్లాస్టర్ నమూనా, పాలరాతి ప్రతి కూడా ఆ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. పాలరాతిలో మెరుపుంది, చర్మపు నిగారింపుంది, సహాయకుల నేర్పుంది. ప్లాస్టర్‌లో ఆ నిగారింపు లేదు గానీ శిల్పి వేళ్ళు మట్టిని నొక్కిన ఒత్తిడి ఉంది. పిల్లల తలలు తల్లి భుజంలోకి ఎంత బరువుగా కుంగాయో తెలుసుకోవాలంటే చూడవలసినది ప్లాస్టర్ నమూనానే.